మారుతి 800 స్లోలో ఆగిపోతోందా? కార్బురేటర్ సోలినాయిడ్‌ను చెక్ చేసి మార్చుకునే పద్ధతి

బండి స్టార్ట్ అవుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు ఉన్నంతసేపూ మామూలుగానే నడుస్తుంది. సిగ్నల్ దగ్గర కాలు తీయగానే చప్పున ఆగిపోతుంది. మళ్లీ సెల్ఫ్, వెనక నుంచి హారన్లు, టెన్షన్. పాత మారుతి 800 నడిపినవాళ్లలో ఇది ఒక్కసారైనా చూడనివాళ్లు తక్కువ.

మా ఇంట్లో ఉన్నది 1997 మోడల్. నాన్నగారు కొన్న బండి, ఇప్పటికీ అమ్మేయడానికి మనసు రాలేదు. ఒక వేసవిలో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఆగిపోవడం మొదలుపెట్టి, పది రోజులు మమ్మల్ని ఏడిపించింది. మెకానిక్ రెండుసార్లు కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) విప్పాడు, రిపేర్ కిట్ వేశాడు, స్లో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) పెంచాడు. చివరికి "కార్బురేటరే పోయింది సార్, కొత్తది వేసేద్దాం" అన్నాడు. నాకు మనసొప్పక ఇంటికి తెచ్చి, ఆదివారం పొద్దున బానెట్ ఎత్తి కూర్చున్నాను. అసలు కారణం కార్బురేటర్‌కు వెళ్లే ఒక చిన్న వైరు కనెక్టర్. లోపల పచ్చగా చిలుము పట్టి ఉంది. బండి ఆగడం మొదలుకావడానికి నాలుగు రోజుల ముందే వాటర్ సర్వీసింగ్ చేయించాం. ఉప్పుకాగితంతో రుద్ది పెట్టగానే బండి గడియారంలా స్లోలో నిలబడింది.

అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. కార్బురేటర్‌ను తప్పుపట్టే ముందు, స్క్రూ డ్రైవర్ తీసి స్లో స్క్రూ తిప్పే ముందు, ఆ వైరు చివర ఉన్న సోలినాయిడ్‌ను పరీక్షించండి. కొంతమంది దీన్నే కార్బురేటర్ స్విచ్ అంటారు. షాపులో ఫ్యుయెల్ కట్ సోలినాయిడ్ అని గానీ, కార్బురేటర్ సోలినాయిడ్ అని గానీ అడిగితే ఇస్తారు. పరీక్షకు పావుగంట చాలు, పెద్ద పనిముట్లు కూడా అక్కర్లేదు.

మీది కార్బురేటర్ బండేనా అని అనుమానం ఉంటే డాష్‌బోర్డు చూడండి. చేత్తో లాగే చోక్ (చల్లని ఇంజిన్‌ను స్టార్ట్ చేసేటప్పుడు లాగే గుండీ) ఉంటే కార్బురేటర్ బండే. 2000 ప్రాంతం నుంచి వచ్చిన ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) మోడళ్లలో కార్బురేటరే లేదు కాబట్టి వాటికి ఈ వ్యాసం పనికిరాదు. ఓమ్నీ, పాత జిప్సీ, ఇంకా ఆ కాలపు చాలా పెట్రోలు కార్లలోనూ ఇలాంటి సోలినాయిడే ఉంటుంది. ఆకారం, బిగించే తీరు వేరు కావచ్చు, పరీక్షించే పద్ధతి మాత్రం ఒకటే.

ఈ చిన్న భాగం చేసే పని

కార్బురేటర్‌లో పెట్రోలు వెళ్లడానికి వేర్వేరు దారులున్నాయి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పెట్రోలు ప్రధానంగా మెయిన్ జెట్ నుంచి వస్తుంది (జెట్ అంటే పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రం). కాలు తీసేసినప్పుడు లోపలి బటర్‌ఫ్లై, అంటే గాలి దారికి అడ్డంగా తిరిగే పలక, దాదాపు మూసుకుపోతుంది. అప్పుడు ఇంజిన్ బతికి ఉండేది స్లో జెట్ దారిలో వచ్చే కొద్దిపాటి పెట్రోలుతోనే. సోలినాయిడ్ కాపలా కాసేది ఈ స్లో దారికే.

దాని లోపల రాగి తీగ చుట్టిన కాయిల్, మధ్యలో కదిలే సూది, సూది వెనక ఒక స్ప్రింగ్ ఉంటాయి. తాళం ఆన్ చేస్తే కాయిల్‌కు కరెంటు వచ్చి, అయస్కాంతమై సూదిని లోపలికి లాక్కుంటుంది, దారి తెరుచుకుంటుంది. తాళం తీయగానే కరెంటు పోయి, స్ప్రింగ్ సూదిని ముందుకు నెట్టి దారి మూసేస్తుంది. కరెంటు అందకపోతే మూసుకుపోయేలా దీన్ని తయారుచేశారన్నది గుర్తుంచుకోండి. వైరు ఊడినా, ఫ్యూజు పోయినా, ఎర్త్ సరిగ్గా లేకపోయినా, కాయిల్ కాలినా ఫలితం ఒక్కటే, స్లో ఉండదు.

అసలు తాళం తీశాక పెట్రోలు ఆపాల్సిన అవసరం ఏమిటి? ప్లగ్గుకు కరెంటు ఆగితే ఇంజిన్ ఆగిపోవాలి కదా? బాగా వేడెక్కిన ఇంజిన్‌లో, పిస్టన్ తల మీద పేరుకున్న మసి నిప్పుకణికలా ఎర్రగా ఉంటుంది. తాళం తీశాక కూడా ఇంజిన్ నాలుగు చుట్లు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి స్లో దారి నుంచి పెట్రోలు పీల్చుకుంటుంది, ఆ వేడికి అది అంటుకుంటుంది. ప్లగ్గు లేకుండానే ఇంజిన్ దడదడలాడుతూ నడుస్తుంది. బండి మొత్తం ఊగిపోతుంది. మౌంటింగులకు, బేరింగులకు అది మంచిది కాదు. దాన్ని ఆపడానికే ఈ సోలినాయిడ్.

ముందు రోగం ఇదేనా తేల్చుకోండి

సోలినాయిడ్ పోతే కనిపించే లక్షణాలు స్పష్టంగానే ఉంటాయి. స్టార్ట్ అవుతుంది, రైజింగ్ ఇస్తే బాగా లాగుతుంది, రోడ్డు మీద 50, 60 వేగంలో తేడా పెద్దగా తెలియదు, కాలు తీస్తే మాత్రం ఆగిపోతుంది. చోక్ సగం లాగితే ఎలాగో నిలబడుతుంది. పైగా ఈ సమస్య ఒక్కసారిగా వస్తుంది. నిన్నటిదాకా బాగున్న బండి ఇవాళ పొద్దున స్లోలో నిలబడలేదంటే, కరెంటు వైపు నుంచి వెతకడం మొదలుపెట్టండి.

స్లో జెట్టులో చెత్త పడితే కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది, కానీ సాధారణంగా అది మెల్లగా వస్తుంది. వారం రోజులుగా స్లో కాస్త వణుకుతోంది, తర్వాత ఇంకాస్త తగ్గింది, చివరికి ఆగిపోయింది అంటే జెట్టును అనుమానించాలి. నెలల తరబడి నడపకుండా ఉంచిన బండిలో పెట్రోలు ఆవిరై, జిగురులాంటి పదార్థం జెట్టులో మిగులుతుంది. ఇప్పుడు మనం కొట్టించే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, ఆ కాలపు రబ్బరు భాగాలు దానికోసం తయారైనవి కావు. అందుకే పాత బండిని కనీసం వారానికోసారైనా ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా నడపమని చెబుతాను.

మూడో అవకాశం గాలి లీకేజీ. కార్బురేటర్ కింది ప్యాకింగ్ చిరిగినా, వాక్యూమ్ గొట్టం ఊడినా స్లో ఎక్కువ తక్కువ అవుతూ, సుయ్‌మని గాలి పీల్చే శబ్దం వస్తుంది. సోలినాయిడ్ పోయినప్పుడు ఆ శబ్దం ఉండదు.

మే నెల ఎండల్లో మాత్రం ఒక గందరగోళం ఉంది. వేడికి పైపులో పెట్రోలు ఆవిరై అడ్డుపడితే కూడా బండి ఆగుతుంది. అప్పుడు రైజింగ్ ఇచ్చినా లాగదు, మళ్లీ స్టార్ట్ కావడానికే మొరాయిస్తుంది. సోలినాయిడ్ సమస్య అయితే రైజింగ్‌లో హాయిగా నడుస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

స్క్రూ డ్రైవర్లు, పానాల సెట్టు, మల్టీమీటర్, 12 వోల్టుల టెస్ట్ ల్యాంప్. టెస్ట్ ల్యాంప్ కొనక్కర్లేదు, పార్కింగ్ లైటుకు వాడే 5 వాట్ల బల్బుకు రెండు వైర్లు అతికిస్తే అదే. మధ్యలో చిన్న ఫ్యూజు ఉన్న మీటరు పొడవు వైరు ఒకటి, ఉప్పుకాగితం, కార్బురేటర్ క్లీనర్ స్ప్రే, పాత గుడ్డలు. కళ్లకు అద్దాలు తప్పనిసరి, ఆ స్ప్రే కంట్లో పడితే మంట భరించలేం.

పెట్రోలుతో పని కాబట్టి ఈ మాటలు మాత్రం పొల్లుపోకుండా పాటించండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. గాలి ఆడే చోట, నీడలో బండి పెట్టండి, మూసిన షెడ్డులో వద్దు. హ్యాండ్ బ్రేక్ వేసి గేరు న్యూట్రల్‌లో ఉంచండి. చుట్టుపక్కల బీడీ, సిగరెట్, అగరబత్తి ఏదీ ఉండకూడదు. మంటలార్పే సిలిండర్ లేకపోతే ఒక బకెట్ పొడి ఇసుక అందుబాటులో ఉంచుకోండి. కరెంటు పరీక్షలన్నీ కార్బురేటర్ విప్పకముందే, పెట్రోలు చుక్క బయటికి రాకముందే అయిపోవాలి.

మొదటి పరీక్ష: టక్ అనే శబ్దం

ఎయిర్ క్లీనర్ డబ్బా తీస్తే కార్బురేటర్ కనిపిస్తుంది. దాని పక్కన బొటనవేలి సైజులో గుండ్రటి లోహపు ముక్క పొడుచుకుని ఉంటుంది, దాని వెనక నుంచి ఒకటో రెండో వైర్లు బయటికి వస్తాయి. అదే సోలినాయిడ్. సుజుకీ వైరింగ్‌లో తాళం ఆన్ చేస్తే కరెంటు వచ్చే వైరు సాధారణంగా నలుపు మీద తెల్ల గీతతో ఉంటుంది, ఎర్త్ వైరు పూర్తి నలుపు. మధ్యలో ఎవరైనా వైరింగ్ మార్చి ఉంటే రంగులను నమ్మకండి.

ఈ పరీక్షకు ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని తాళం ఆన్ చేయాలి, సెల్ఫ్ మాత్రం కొట్టకూడదు. మా ఇంట్లో ఈ పని మా అమ్మాయిది. నేను చూపుడువేలు కొనను సోలినాయిడ్ మీద ఆనించి "తిప్పమ్మా" అంటాను. తాళం ఆన్ కాగానే లోపల టక్ అని చిన్న శబ్దం, దానితోపాటు వేలికి చీమ కుట్టినంత చిన్న కుదుపు తెలుస్తుంది. ఆఫ్ చేయగానే ఇంకోసారి, ఇంకాస్త మెత్తగా. రోడ్డు మీద వాహనాల రొదలో శబ్దం వినిపించకపోవచ్చు, వేలికి మాత్రం తప్పకుండా తెలుస్తుంది. నాలుగైదుసార్లు ఆన్, ఆఫ్ చేయించండి. ప్రతిసారీ ఒకేలా పలకాలి.

చాలామంది మెకానిక్‌లు తాళం ఆన్‌లో ఉంచి, వైరు ఊడదీసి, టెర్మినల్‌కు టక్కుటక్కుమని తగిలిస్తారు. అలా చేసినప్పుడల్లా నిప్పురవ్వ వస్తుంది, అదీ కార్బురేటర్ పక్కనే. వైరును కదపకుండా తాళంతో చేసే పద్ధతిలో ఆ ప్రమాదం లేదు.

టక్ వచ్చిందంటే కాయిల్, కరెంటు రెండూ ఉన్నట్టు. అప్పుడు స్లో జెట్టు వైపు చూడాలి, లేదా సూది సగమే కదులుతూ ఉండవచ్చు. టక్ రాలేదంటే ముందుకు వెళ్దాం. తాళం మాత్రం ఒక నిమిషానికి మించి ఆన్‌లో వదలకండి, ఇంజిన్ తిరగకుండా కరెంటు ఉంటే ఇగ్నిషన్ కాయిల్ వేడెక్కుతుంది.

రెండో పరీక్ష: కరెంటు వస్తోందా?

తాళం ఆఫ్ చేసి కనెక్టర్ ఊడదీయండి. లోపల చూడండి. చిలుము, వదులైన పిన్ను, నల్లగా మాడిన మచ్చ ఏదైనా కనిపిస్తే మా బండి కథే మీదీ కావచ్చు. ఉప్పుకాగితంతో రుద్ది, పిన్నును కటింగ్ ప్లయర్‌తో కాస్త నొక్కి బిగుతు చేసి మళ్లీ పెట్టి చూడండి.

తర్వాత బల్బు. దాని ఒక వైరు బ్యాటరీ మైనస్‌కు, రెండోది కనెక్టర్‌లోని కరెంటు పిన్నుకు కలిపి, తాళం ఆన్ చేయించండి. బల్బు పూర్తి వెలుగుతో వెలగాలి.

మల్టీమీటర్ ఉండగా బల్బు ఎందుకంటే, మల్టీమీటర్ దాదాపు కరెంటే తీసుకోదు. చిలుము పట్టి వెంట్రుకంత దారి మిగిలిన వైరు కూడా మీటరులో 12 వోల్టులు చూపిస్తుంది. సోలినాయిడ్ కలిపేసరికి ఆ వోల్టేజీ కుప్పకూలుతుంది. 5 వాట్ల బల్బు సుమారు 0.4 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి వైరు నిజస్వరూపం బయటపడుతుంది. బల్బు మందంగా వెలిగితే వైరు, స్విచ్, ఫ్యూజు హోల్డర్‌లలో ఎక్కడో నిరోధం ఉన్నట్టు. మీటరుతోనే చూడాలనుకుంటే, సోలినాయిడ్ కలిపి ఉంచి కనెక్టర్ వెనక నుంచి సూది గుచ్చి కొలవండి. బ్యాటరీ దగ్గర 12.5 ఉంటే ఇక్కడ 12కు అటూఇటూ ఉండాలి. రెండు వోల్టులు మధ్యలో పోతున్నాయంటే సోలినాయిడ్ మంచిదైనా సూదిని లాగలేకపోవచ్చు.

బల్బు అసలు వెలగకపోతే ఫ్యూజు బాక్సు చూడండి. ఫ్యూజు కాలిపోతే అంతే సైజుది వేయండి, అంతకన్నా పెద్దది వేయకండి. వేసింది వెంటనే మళ్లీ పోతే ఎక్కడో షార్ట్ ఉంది. వైరు పై పూత కరిగి ఇంజిన్‌కు ఆనిందేమో వెతకండి.

మూడో పరీక్ష: నేరుగా బ్యాటరీ నుంచి

వైరులో కరెంటు బాగానే వస్తోంది, అయినా టక్ లేదు. ఇప్పుడు సోలినాయిడ్‌ను విడిగా పరీక్షించాలి. ఫ్యూజు ఉన్న వైరును ముందు సోలినాయిడ్ టెర్మినల్‌కు గట్టిగా తగిలించి, రెండో చివరను బ్యాటరీ ప్లస్‌కు తాకించండి. ఈ వరస ముఖ్యం, నిప్పురవ్వ వస్తే అది కార్బురేటర్‌కు దూరంగా, బ్యాటరీ దగ్గర వస్తుంది. రెండు వైర్ల సోలినాయిడ్ అయితే రెండోదాన్ని ఇంజిన్ బాడీకి ఎర్త్ చేయండి.

ఒక్క వైరే ఉన్న సోలినాయిడ్‌కు ఎర్త్ కార్బురేటర్ శరీరం గుండానే అందుతుంది. కార్బురేటర్ కింద మందపాటి ఇన్సులేటర్ ప్యాకింగ్ ఉంటుంది, బోల్టులు తుప్పు పడితే ఎర్త్ బలహీనపడుతుంది. అనుమానంగా ఉంటే బ్యాటరీ మైనస్ నుంచి సోలినాయిడ్ బాడీకి ఒక వైరు తాకించి చూడండి. అప్పుడు టక్ వస్తే లోపం ఎర్త్‌దే. కార్బురేటర్ స్క్రూకు ఒకటి, ఇంజిన్‌కు ఒకటి బిగించిన చిన్న ఎర్త్ వైరుతో పని అయిపోతుంది.

నాలుగో పరీక్ష: ఓములు

మల్టీమీటర్‌ను ఓములకు పెట్టి, వైరు ఊడదీసిన సోలినాయిడ్‌ను కొలవండి. ఒక వైరుదైతే టెర్మినల్‌కు, బాడీకి మధ్య. రెండు వైర్లదైతే ఆ రెండింటి మధ్య. మంచి కాయిల్ కొన్ని పదుల ఓములు చూపిస్తుంది. ఉదాహరణకు 40 ఓములుంటే 12 వోల్టుల దగ్గర 0.3 ఆంపియర్లు మాత్రమే తీసుకుంటుంది. మీటరు అంతులేని నిరోధం చూపితే లోపలి తీగ తెగింది. సున్నాకు దగ్గరగా చూపితే షార్ట్ అయింది, ఫ్యూజులు ఎగరగొడుతున్నది అదే.

కొన్ని కాయిల్స్ చల్లగా ఉన్నప్పుడు బాగానే చూపించి, వేడెక్కాక తెగిపోతాయి. పొద్దున బాగుంటుంది, అరగంట తిరిగాక సిగ్నల్‌లో ఆగుతుంది, చల్లారాక మళ్లీ బాగుంటుంది అంటే ఇదే కావచ్చు. బండి నడిపి, ఆగడం మొదలైన వెంటనే బానెట్ ఎత్తి అప్పుడు కొలవండి. చేతులు కాలకుండా చూసుకోండి. చల్లని బండి మీద పరీక్ష చేసి "సోలినాయిడ్ మంచిదే" అనేస్తే ఇలాంటి రోగం ఎప్పటికీ దొరకదు.

సూది కోసేయడం గురించి

ఇది కొంచెం గట్టిగానే చెప్పాలి. సోలినాయిడ్ పోయిందని తెలిస్తే చాలా షెడ్డుల్లో కొత్తది వేయరు. దాన్ని విప్పి, ముందున్న సూదిని కోసేసి, మళ్లీ బిగించేస్తారు. దారి మూసేది లేదు కాబట్టి స్లో వచ్చేస్తుంది, బండి వెళ్లిపోతుంది. దారి మధ్యలో, ఊరు కాని ఊళ్లో ఇరుక్కుంటే ఇంటికి చేరడానికి ఆ పని చేయించుకోండి, తప్పులేదు. దాన్నే శాశ్వతం చేసుకోవద్దు. తాళం తీశాక ఇంజిన్ దడదడలాడేది అందుకే. ఏదైనా పాత బండి కొనడానికి వెళ్లినప్పుడు, బాగా వేడెక్కేలా నడిపి తాళం తీసి చూడండి. వెంటనే ఆగకుండా వణుకుతూ నాలుగు సెకన్లు నడిస్తే, సూది కోసేసి ఉండే అవకాశం ఉంది.

దీన్ని నిర్ధారించుకోవడానికి తేలికైన దారి ఉంది. ఎయిర్ క్లీనర్ పెట్టి, ఇంజిన్ స్లోలో నడుస్తుండగా సోలినాయిడ్ కనెక్టర్‌ను ఊడదీయండి. ఇంజిన్ ఒకటి రెండు సెకన్లలో ఆగాలి. ఆగకపోతే సూది లేనట్టు, లేదా స్లో స్పీడు స్క్రూను బాగా బిగించి బటర్‌ఫ్లైని తెరిచి ఉంచినట్టు. రెండోది కూడా తరచూ చూస్తాం. స్లో దారి మూసుకుపోయిన బండిని ఎలాగైనా నిలబెట్టడానికి ఆ స్క్రూను తిప్పుతూ పోతారు, పెట్రోలు ఖర్చు పెరిగిపోతుంది.

కొత్తది కొనేటప్పుడు

పాతది విప్పి చేత పట్టుకునే షాపుకు వెళ్లండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో పాత మారుతి సామాను ఇప్పటికీ దొరుకుతుంది. కౌంటర్ మీద పాతదాన్ని, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి మూడు విషయాలు చూసుకోండి. మర సైజు, సూది పొడవు, కనెక్టర్ ఆకారం. సూది ఒక మిల్లీమీటరు పొడవు ఎక్కువైనా కరెంటు ఇచ్చినప్పుడు దారి పూర్తిగా తెరుచుకోదు, పొట్టిదైతే మూసుకోదు. వాషరు లేదా రబ్బరు రింగు కొత్తది అడిగి తీసుకోండి, పాతదాన్ని మళ్లీ వేయకండి.

షాపులోనే 12 వోల్టుల బ్యాటరీతో పరీక్షించమనండి, ఎవరూ కాదనరు. చేతిలో పట్టుకుని కరెంటు ఇచ్చినప్పుడు సూది కదలకపోతే వెంటనే పాడైందని అనుకోకండి. కార్బురేటర్‌కు బిగించనప్పుడు స్ప్రింగ్ సూదిని మరీ బయటికి నెట్టేస్తుంది, అంత దూరం నుంచి అయస్కాంతం లాగలేకపోవచ్చు. వేలితో సూదిని కాస్త లోపలికి నొక్కితే టక్‌మని లోపలికి వెళ్లి అక్కడే నిలబడాలి, కరెంటు తీస్తే బయటికి రావాలి.

విప్పడం, బిగించడం

బ్యాటరీ మైనస్ క్లాంపు ముందు తీసేయండి. కార్బురేటర్ చుట్టూ ఉన్న మట్టిని బ్రష్‌తో, క్లీనర్‌తో కడగండి. ఈ పని చేయకుండా విప్పితే ఆ మట్టే స్లో దారిలో పడుతుంది, కొత్త సోలినాయిడ్ వేసినా పాత రోగమే ఉంటుంది. కార్బురేటర్ నోటికి శుభ్రమైన గుడ్డ కప్పండి. వాషరో, స్క్రూనో జారి లోపల పడితే అది నేరుగా సిలిండర్‌లోకి పోతుంది.

సోలినాయిడ్ కింద ఒక గుడ్డ పెట్టి, దాని నట్టు భాగానికి సరిగ్గా సరిపోయే పానా వేయండి. కటింగ్ ప్లయర్‌తో గుండ్రటి భాగాన్ని పట్టుకుని తిప్పితే లోపలి కాయిల్ నలిగిపోతుంది. గట్టిగా పట్టేసి ఉంటే తుప్పు వదిలించే నూనె చల్లి పది నిమిషాలు ఆగండి. కార్బురేటర్ మెత్తటి మిశ్రమ లోహంతో పోసినది, బలం చూపిస్తే మర ఊడి వస్తుంది. కొన్ని మోడళ్లలో మర బదులు రెండు మూడు చిన్న స్క్రూలతో బిగించి ఉంటుంది. వాటికి నిండుగా కూర్చునే స్క్రూ డ్రైవర్ వాడండి, తల చెడిపోతే తీయడం నరకం.

బయటికి వచ్చేటప్పుడు నాలుగు చుక్కల పెట్రోలు కారడం మామూలే. పాత వాషరు లోపలే అంటుకుని ఉందేమో చూడండి. దాని మీదే కొత్తది పడితే సూది దారిని సరిగ్గా మూయదు.

ఇప్పుడు ఆ రంధ్రం తెరిచి ఉంది కాబట్టి కళ్లద్దాలు పెట్టుకుని, లోపలికి రెండు మూడుసార్లు క్లీనర్ కొట్టండి. ఎదురు చిమ్ముతుంది, మొహం పక్కకు పెట్టండి. జెట్టు రంధ్రంలో ఇనుప తీగ, పిన్నీసు మాత్రం దూర్చకండి. ఆ రంధ్రం సైజును కంపెనీ మిల్లీమీటరులో వందో వంతు లెక్కతో చేసింది, ఒక్క గీత పడినా పెట్రోలు కొలత మారిపోతుంది.

కొత్త వాషరు వేసి, సోలినాయిడ్‌ను మొదట వేళ్లతోనే మర ఎక్కించండి. అడ్డంగా పోతున్నట్టు అనిపిస్తే వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టండి. వేళ్లతో ఆగేదాకా బిగించి, ఆ తర్వాత పానాతో పావు చుట్టు. అంతే. కనెక్టర్ పెట్టి, వైరు ఎక్కడా వేడి భాగాలకు తగలకుండా ట్యాగ్‌తో కట్టండి. చుట్టూ తుడిచి, గుడ్డలు తీసేసి, బండి పక్కన పెట్రోలు వాసన పోయేదాకా ఓ పదిహేను నిమిషాలు ఆగి, అప్పుడు బ్యాటరీ క్లాంపు పెట్టండి. మళ్లీ వేలు పెట్టి టక్ చూసుకోండి. స్టార్ట్ చేశాక సోలినాయిడ్ చుట్టూ తడి ఉందేమో టార్చి వేసి చూడండి. తడి కనిపిస్తే వెంటనే ఆపేసి వాషరు సరిచేయండి.

స్లో సెట్టింగు

ఈపాటికి ఎవరో ఒకరు స్లో స్క్రూ తిప్పే ఉంటారు కాబట్టి ఇది తప్పదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాలి, చోక్ పూర్తిగా లోపల ఉండాలి, లైట్లు, ఫ్యాను, ఏసీ ఆఫ్. స్లో స్పీడు స్క్రూతో ఇంజిన్ మెత్తగా నిలబడే స్థాయికి తీసుకురండి. ఇంజిన్ వేగం చూపే ఆర్‌పీఎం మీటరు ఉంటే నిమిషానికి 800 నుంచి 1000 చుట్ల మధ్య. తర్వాత స్లోలో పెట్రోలు, గాలి పాళ్లను మార్చే మిక్స్చర్ స్క్రూ. ముందు అది ఇప్పుడున్న చోటును గుర్తు పెట్టుకోండి. మెల్లగా లోపలికి తిప్పుతూ పోతే ఒకచోట ఇంజిన్ తడబడుతుంది. అక్కడి నుంచి బయటికి తిప్పుతూ ఇంజిన్ అన్నిటికన్నా నున్నగా తిరిగే చోట ఆపండి. స్పీడు పెరిగి ఉంటే స్పీడు స్క్రూతో మళ్లీ తగ్గించండి. మిక్స్చర్ స్క్రూను చివరిదాకా బలంగా బిగించకండి, దాని ముక్కు విరిగితే కార్బురేటర్ నిజంగానే మార్చాలి.

తర్వాత పొల్యూషన్ చెక్ చేయించండి. ఆ కాలపు పెట్రోలు కార్లకు స్లోలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం మించకూడదు. ఆ పరీక్ష జరిగేదే స్లోలో కాబట్టి, మీ సెట్టింగు ఎలా కుదిరిందో ఆ కాగితం మీద అంకెలో తెలుస్తుంది.

కొత్తదీ పోతుంటే

సోలినాయిడ్ ఏళ్ల తరబడి పనిచేసే వస్తువు. ఏడాదిలో రెండు కాలాయంటే తప్పు దానిది కాదు. ఇంజిన్ కాస్త రైజింగ్‌లో ఉండగా బ్యాటరీ మీద మీటరు పెట్టి చూడండి. 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. 15 దాటితే ఛార్జింగ్ వోల్టేజీని అదుపు చేసే ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ చెడింది. సోలినాయిడ్‌తోపాటు బల్బులు, బ్యాటరీ కూడా త్వరగా పోతాయి.

గ్యాస్ కిట్ వేసిన బండి అయితే ఇంకో మాట. కిట్ బిగించేటప్పుడు పెట్రోలు పైపులో వేరే సోలినాయిడ్ వాల్వ్ ఒకటి పెడతారు. షాపులో, షెడ్డులో మాట్లాడేటప్పుడు ఏ సోలినాయిడో స్పష్టంగా చెప్పండి, రెండూ కలిపేసుకుంటే డబ్బు వృథా. కొందరు కార్బురేటర్ సోలినాయిడ్ వైరును కూడా డాష్‌బోర్డులోని పెట్రోలు-గ్యాస్ స్విచ్ మీదుగా తిప్పుతారు. ఆ స్విచ్ లోపల పాయింట్లు మాడితే పెట్రోలు మీద స్లో ఉండదు, గ్యాస్ మీద బాగానే ఉంటుంది. అలాంటప్పుడు బల్బు పరీక్షను స్విచ్‌కు ముందొకసారి, తర్వాత ఒకసారి చేయండి.

వాటర్ సర్వీసింగ్‌కు ఇచ్చేటప్పుడు ఇంజిన్ మీద ప్రెషర్ నీళ్లు కొట్టవద్దని ముందే చెప్పండి. తప్పదనుకుంటే కార్బురేటర్‌ను, ఆ కనెక్టర్‌ను పాలిథిన్ కవరుతో చుట్టించండి. మా బండి కనెక్టర్ మీద ఇప్పుడు ఒక రబ్బరు తొడుగు ఉంది. ప్రతి సర్వీసింగ్ తర్వాత ఇంటికి రాగానే దాన్ని తీసి, లోపల తుడిచి, మళ్లీ తొడుగుతాను.